బెస్సీ స్మిత్ – ఒక గానము, ఒక వదంతి

కొన్ని సంవత్సరముల క్రిందట పాశ్చాత్య జానపద సంగీతమును గురించి మేము ప్రసారము చేసిన ఒక రూపకములో బెస్సీ స్మిత్ అను అమెరికన్ గాయని ప్రస్తావన వచ్చెను. ఆమె పాటలో ఒక చరణము వినిపించి, వెంటనే ఆమె మరణవృత్తాంతములోనికి దిగితిమి. మోటారు ప్రమాదములో గాయపడిన ఆమెను, నల్లజాతి స్త్రీ అగుటచేత, తెల్లవారి ఆసుపత్రి వారు లోనికి రానీయలేదనియు, నెత్తురు కారిపోయి ఆమె వాకిటనే ప్రాణములు విడిచెననియు చెప్పితిమి. నేపథ్యములో ఫిడేలు కూడ జతపరచితిమి. ప్రసారము హృదయమును కదిలించినదని పలువురు వ్రాసిరి. ఒక్క శ్రోత మాత్రము ఒక కార్డు మీద రెండే ప్రశ్నలు వ్రాసి పంపెను. ఈ సంగతి మీకెట్లు తెలిసినది? చూచినవారెవరు?

ఆ కార్డుకు మావద్ద జవాబు లేకపోయెను. ఎక్కడనో చదివితిమి, చదివినది చెప్పితిమి, అంతే. వెదకి చూడగా ఆ కథ నిజము కాదని తేలెను. దానితోపాటు మమ్ము మరింత సిగ్గుపరచిన సంగతి ఇంకొకటి బయటపడెను. పాత ప్రతిని తీసి నిమిషములు లెక్కించగా, ఆమె పాటకు మేమిచ్చిన కాలము ఒక నిమిషము, ఆమె చావునకు ఇచ్చిన కాలము నాలుగు నిమిషములు. తప్పును సవరించుచు ఒక చిన్న ప్రకటన చదివితిమి గాని, ప్రకటనలను శ్రద్ధగా వినెడివారెందరు? ఈ ప్రసంగమునకు కారణమదియే.

బెస్సీ స్మిత్ టెనెసీ రాష్ట్రములోని చాటనూగా పట్టణమున జన్మించెను. ఆమె పుట్టిన సంవత్సరము ఏదనుటలోనే చిక్కున్నది. 1900 నాటి జనాభా లెక్కల ప్రకారము 1892; తరువాత ఆమె తన పెండ్లి దరఖాస్తులో వ్రాసినది 1894 ఏప్రిల్ 15. తండ్రి కూలిపని చేయుచు బాప్టిస్టు బోధకుడుగా కూడ ఉండెను. ఆమె పసిబిడ్డగా నున్నప్పుడే ఆయన పోయెను. తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి తల్లియు పోయెను. పెద్దక్క వయొలా బట్టలుతికి, ఇస్త్రీ చేసి తమ్ములను, చెల్లెండ్రను పెంచెను. ఎల్మ్ వీధి, పదమూడవ వీధి కలిసెడి చోట తెల్ల యేనుగు పేరుగల సారాయి దుకాణము ఒకటి యుండెను. దాని ముందు అన్న ఆండ్రూ గిటారు వాయించుచుండగా ఈ బాలిక పాడి, ఆడి, దారినపోవువారు విసరిన నాణెములు ఏరుకొనుచుండెను. ఆమె సంగీతపాఠశాల అదియే. ఆగిపోయి వినవలసిన అగత్యము లేనివారిని ఆపి వినిపించుట ఎట్లో ఆమె అక్కడ నేర్చుకొనెను.

పెద్దన్న క్లారెన్స్ 1904లో ఒక సంచార నాటకమండలితో ఇల్లు విడిచి వెళ్ళెను. ఎనిమిదేండ్ల తరువాత, 1912లో, అదే మండలి చాటనూగాకు వచ్చినప్పుడు చెల్లెలిని వారికి చూపించెను. వారు ఆమెను తీసికొనిరి. అయితే పాడుటకు గాదు, ఆడుటకు. పాడుటకు వారికి అదివరకే ఒకరుండిరి. ఆమె మా రైనీ. అసలు పేరు గెర్‌ట్రూడ్. భర్త పేరు విల్ రైనీ. బ్లూస్ గానమునకు తల్లి అని పేరు పొందిన మహాగాయని. ఈ రైనీయే బెస్సీని బలవంతముగా ఎత్తుకొనిపోయి పాట నేర్పెనని ఒక కథ కలదు. బెస్సీ వదిన మాడ్ ఆ కథను నవ్వి త్రోసివేసెను. గొప్పవారి బాల్యము చప్పగా నుండరాదని జనుల కోరిక కాబోలు.

బ్లూస్ అనగానేమో ఇచ్చట కొంచెము చెప్పవలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో 1865లో బానిసత్వము రద్దయిన తరువాతి తరములలో, నల్లజాతివారి నడుమ పుట్టిన పాట ఇది. పొలములలోని పనిపాటలకు, చర్చిలోని కీర్తనలకు వారసత్వము కలది. సామాన్యముగా చరణమునకు మూడు పాదములు. మొదటి పాదమునే రెండవసారి పాడి, మూడవ పాదములో దానికి జవాబు చెప్పుదురు. నాలుగేసి మాత్రల ఆవర్తములు పండ్రెండింటిలో చరణము ముగియును. మన సంగీతజ్ఞులకు ఆసక్తి కలిగించు సంగతి స్వరములలో నున్నది. బ్లూస్ గాయకుని గాంధారము మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ ఊగులాడుచుండును. నిషాదమును కైశికికి, కాకలికి నడుమ అట్లే మెదలును. పియానో మెట్లలో ఆ స్వరము దొరకదు. గొంతుకు దొరకును. గమకమునకు అలవాటు పడిన చెవి గల మనకు ఇది వింతగా తోచదు. బ్లూస్ విని "ఇదేమి ఏడుపు" అని పెట్టె కట్టివేసెడి శ్రోతలకు మేము చేయు మనవి యొక్కటే: ఆ గాంధారము కొరకు ఒక్కసారి వినుడు.

1913 నాటికి బెస్సీ అట్లాంటాలోని "81" అను నాటకశాలలో పాడుచుండెను. ఆపైన పదేండ్లు ఊరూర తిరుగుటతో గడచెను. వేసవిలో డేరాలు, శీతకాలములో నాటకశాలలు. 1920 తరువాత నల్లజాతి ప్రేక్షకుల నాటకశాలలన్నిటికి ఆటగాండ్రను కుదిర్చెడి యజమానుల సంఘమొకటి ఏర్పడెను. ఆ సంఘము పేరులోని పొడి అక్షరములకు కళాకారులు వేరొక మోటు అర్థము చెప్పుకొనెడివారు; అది ఇచ్చట చెప్పదగినది కాదు. జీతము తక్కువ, ప్రయాణము ఎక్కువ అని మాత్రము గ్రహించిన చాలును.

ఈలోగా గ్రామఫోను లోకములో ఒక మార్పు వచ్చెను. నల్లజాతివారు రికార్డులు కొనరని కంపెనీల నమ్మకము. 1920 ఆగస్టు 10వ తేదీన ఓకే కంపెనీ వారు మేమీ స్మిత్ అను నల్లజాతి గాయని చేత "క్రేజీ బ్లూస్" పాడించి విడుదల చేసిరి. ఆ రికార్డు వేలకొలది అమ్ముడుపోయెను. అంతట కంపెనీలన్నియు బ్లూస్ గాయనుల కొరకు పరుగులిడెను. బెస్సీ స్మిత్ మాత్రము మొదట ఎవరికిని నచ్చలేదు. గొంతు మరీ మోటుగా నున్నదనిరి. నల్లజాతివారే నడిపిన బ్లాక్ స్వాన్ కంపెనీ కూడ ఆమెను కాదన్నది. చదువుకొన్న నల్లజాతి కుటుంబములవారు ఆ కాలమున ఈ పాటలను కొంచెము చిన్నచూపు చూచెడివారు. తమ ఇంటి పాటను తామే చిన్నచూపు చూచుట అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు.

చివరకు కొలంబియా కంపెనీ ఆమెను పిలిచెను. 1923 ఫిబ్రవరి 15వ తేదీన న్యూయార్కులో తీసిన ప్రయత్నములేవియు పనికిరాలేదు. మరునాడు, 16వ తేదీన, క్లారెన్స్ విలియమ్స్ పియానో వాయించుచుండగా "డౌన్‌హార్టెడ్ బ్లూస్" కుదిరెను. ఆ పాట ఆల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్ అను ఇద్దరు స్త్రీలు కూర్చినది. హంటర్ స్వయముగా అంతకుముందే దానిని రికార్డు చేసియుండెను. అయినను బెస్సీ పాడినది ఆరు నెలలలో ఏడున్నర లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయెనని చెప్పుదురు.

ఈ లెక్కకు ప్రక్కన ఇంకొక లెక్క వ్రాయవలెను. పనికివచ్చిన ఒక్కొక్క పాటకు ఆమెకు ముట్టవలసినది 125 డాలర్లు. తొలి ఒప్పందములో అందులోను సగము పియానో వాయించిన విలియమ్స్ జేబులోనికి పోవుచుండెను. సంగతి తెలిసి బెస్సీయు, ఆమెకు కాబోయే భర్త జాక్ గీయు అతని కార్యాలయమునకు పోయి తగవు తీర్చుకొనిరి. అటుపిమ్మట కొలంబియా కంపెనీ ఉద్యోగి ఫ్రాంక్ వాకర్ ఆమెతో నేరుగా ఒడంబడిక చేసికొనెను. ఆమెకు పూర్తి సొమ్ము ముట్టెను, అందుకామె సంతోషించెను. కాని ఆ ఒడంబడికలో రాయల్టీ లేదు. లక్ష ప్రతులు అమ్మినను, పది లక్షలు అమ్మినను ఆమెకు వచ్చునది ఆ 125 డాలర్లే. వాకర్ దుర్మార్గుడని మేమనము. ఆమెను ఎక్కువగా ఆదరించినవారిలో అతడొకడు. కంపెనీల ధర్మమే ఆ నాడు అట్లుండెను.

ఆ తొలి రికార్డులను ఎట్లు తీసిరో రేడియో శ్రోతలు తెలిసికొనుట మంచిది. అప్పటికి మైక్రోఫోను స్టూడియోలోనికి రాలేదు. గోడలోనుండి పొడుచుకొని వచ్చిన పెద్ద బాకా ముందు నిలిచి పాడవలెను. ఆ శబ్దపు ఒత్తిడి చేతనే సూది కదలి మైనపు పలక మీద గీత గీయును. చిన్న గొంతు సూదిని కదల్చలేదు. మైకు లేని దినములలో మన పద్యనాటకముల నటులు కడపటి వరుసలో కూర్చున్నవానికి కూడ ప్రతి అక్షరము వినబడునట్లు పాడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. బెస్సీ అట్టి గొంతు గలది. డేరాలలో, వేలమంది గోల నడుమ, ఏ సాధనము లేకుండ పాడిన గొంతు. బాకాకు అది చాలి మిగిలెను. పాత రికార్డు గరగరల క్రింద పియానో ఎక్కడో పొరుగింటిలో మ్రోగుచున్నట్లుండును. ఆమె మాత్రము మన గదిలోనే యుండును.

ఆమె గానములో సంగతుల ఆర్భాటము లేదు. ఒక స్థాయికి మించి పెద్దగా తిరుగదు. తనకు నచ్చిన స్వరమునొకదానిని పట్టుకొని, దానిచుట్టు పాదమునంతయు అల్లును. ఒక మాటను కొంచెము ఆలస్యముగా ఎత్తుకొనును; ఇంకొక మాటకు ముందు ఊపిరి విడిచి మౌనముగా ఊరకుండును. సాహిత్యములో ఒక్క అక్షరము మ్రింగదు. మేము ఆమె రికార్డులను ఎన్నిమార్లు వింటిమో లెక్కలేదు. ప్రతిసారియు ఆ మౌనములే మాకు కొత్తగా వినబడును.

1925 జనవరి 14వ తేదీన తీసిన "సెంట్ లూయిస్ బ్లూస్" రికార్డును ప్రత్యేకముగా చెప్పవలెను. డబ్ల్యూ. సి. హాండీ 1914లో ప్రకటించిన పాట అది. ఆ దినము ప్రక్కన కార్నెట్ వాయించినవాడు అప్పటికి ఇరువది మూడేండ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఫ్రెడ్ లాంగ్‌షా పియానో విడిచి హార్మోనియము వాయించెను. మన నాటకములవారి కాలి హార్మోనియమునకు అది దగ్గరి చుట్టము. ఆమె పాదము ముగించునప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఖాళీలో ఒక చిన్న సంగతి వేయును. మరల ఆమె. మరల అతడు. మన కచేరీలలో పక్కవాద్యము ఫిడేలు జవాబు చెప్పునట్లు. క్రింద హార్మోనియము మాత్రము చర్చిలోవలె కదలక నిలిచియుండును. సర్వత్ర వంద ప్రతులు గల పాట అది. ఆ మూడు నిమిషముల తరువాత తక్కినవి మాకు రుచించలేదు.

అదే సంవత్సరము మే నెలలో కొలంబియావారు విద్యుచ్ఛక్తితో రికార్డు చేయు పద్ధతిని అవలంబించిరి. మైక్రోఫోను వచ్చెను. గదిలో ప్రతిధ్వని లేకుండ చేయవలెనని ఇంజనీర్లు కప్పునుండి ఒక గుడారము వ్రేలాడదీసి, గాయనిని, వాద్యకారులను దానిలో కూర్చుండబెట్టిరి. పాట నడుమ గుడారము కూలి అందరి మీద పడెను. ఆమె అప్పుడు వాడిన భాష రికార్డులో దొరకకపోవుట మంచిదయ్యెను. స్టూడియోలలో పనిచేయు మాకు ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల మా ఇంజనీరు మిత్రుల ముఖములు కంటికి కట్టును.

రేడియో మాట కూడ వచ్చినది గనుక చెప్పుదము. 1923, 24 సంవత్సరములలో మెంఫిస్ పట్టణపు డబ్ల్యూ.ఎం.సి. కేంద్రమును, అట్లాంటాలోని డబ్ల్యూ.ఎస్.బి. కేంద్రమును నాటకశాలనుండి ఆమె గానమును ప్రసారము చేసెను. నల్లజాతి నాటకశాలలో అర్ధరాత్రి తెల్లవారికి మాత్రమే ప్రత్యేక ప్రదర్శన జరుగుచుండెను. తక్కిన వేళలలో ఒకే బల్ల మీద కూర్చుండనివారు, ఆ వేళ ఆమె పాట వినుటకు టిక్కెట్టు కొని వచ్చుచుండిరి. ఆ ప్రసారములలో ఒక్కటియు నేడు మిగిలి లేదు. గాలిలో పోయినది గాలిలోనే పోయెను. మా వృత్తిలోని దుఃఖములలో ఇది పెద్దది.

ఆ కాలమున ఆమెకు వారమునకు రెండువేల డాలర్ల వరకు వచ్చుచుండెను. నల్లజాతి కళాకారులలో అంత సంపాదించినవారు అప్పుడు లేరు. కాని చేతిలో ఎంత డబ్బున్నను దక్షిణ రాష్ట్రములలో ఆమెకు హోటలులో గది ఇచ్చెడివారు లేరు. రైలులో నల్లవారి పెట్టెలోనే ఎక్కవలెను. అందుచేత 1925లో అన్న క్లారెన్స్ సలహా మీద ఆమె తనకొక రైలు పెట్టెనే చేయించుకొనెను. పొడవు 78 అడుగులు. పసుపుపచ్చ రంగు, దాని మీద ఆకుపచ్చ అక్షరములు. ఏడు గదులు, వంటయిల్లు; డేరా సామగ్రికి, మండలివారందరికి దానిలో చోటు. ఊరు చేరగానే పెట్టెను ప్రక్కదారిలోనికి నెట్టించి అందులోనే వండుకొని, అందులోనే పండుకొనెడివారు. దీనిని విలాసమని వ్రాసినవారు కలరు. ఎక్కడను తలుపు తట్టి లేదనిపించుకొనుట ఇష్టము లేక కొనుక్కొన్న తలుపు అది.

ఆమెను సాధుమూర్తిగా చిత్రించుట మా అభిప్రాయము గాదు. త్రాగుడున్నది. కోపము వచ్చినచో చేయి చేసికొనెడిది. డబ్బు చేతిలో నిలిచెడిది గాదు. అక్కచెల్లెండ్రకు ఇండ్లు తీసి యిచ్చెను, మండలివారిని కష్టకాలములో ఆదుకొనెను. ధైర్యము కూడ ఆ కోపముతో పుట్టినదే. 1927 జూలైలో ఉత్తర కరోలినాలోని కాంకర్డ్ పట్టణమున డేరాలో ఆట నడుచుచుండగా, కూ క్లక్స్ క్లాన్ వారు ముసుగులు ధరించి వచ్చి డేరా మేకులు ఊడదీయుటకు ఆరంభించిరి. సంగతి తెలిసిన బెస్సీ ఒంటరిగా వారి యెదుటికి పోయి, పిడికిలి బిగించి, నోటికి వచ్చినట్లు తిట్టి, పొండని గద్దించెను. వారు చీకటిలోనికి జారుకొనిరి. ఆమె తిరిగి వచ్చి పాట అందుకొనెను. మండలివారు చెప్పినది ఇది. ఉన్నవారే చెప్పిరి గనుక మేము నమ్ముచున్నాము.

ఇక "బ్యాక్ వాటర్ బ్లూస్". ఆమె తానే కూర్చిన పాట. వరద వచ్చి ఇల్లు మునిగిన ఒక స్త్రీ, గట్టెక్కి నిలిచి తన ఇంటివంక చూచుట అందులోని వస్తువు. జేమ్స్ పి. జాన్సన్ ఎడమచేతి పియానో దొర్లి వచ్చెడి నీటివలె దాని క్రింద నడచును. 1927 వసంతములో మిసిసిపీ నదికి కనివిని యెరుగని వరద వచ్చి లక్షలమంది నిర్వాసితులైరి. ఆ వరదను చూచి ఈ పాట కట్టెనని పుస్తకములలో చాలకాలము వ్రాయుచు వచ్చిరి. తేదీలు చూచినచో అట్లు కుదరదు. పాట రికార్డయినది 1927 ఫిబ్రవరి 17. మిసిసిపీ గట్లు తెగి మహావిపత్తు సంభవించినది ఏప్రిల్‌లో. ఆమె పాడినది అంతకుముందు, 1926 డిసెంబరు చివర, నాష్‌విల్ పట్టణమున కంబర్లాండ్ నది పొంగిన వరదను గురించియై యుండవలెనని పరిశోధకులు తరువాత నిర్ధారించిరి. ఆమె మండలి ఒక మునిగిన ఊరికి పోయి పడవలలో దిగుట, అచ్చటివారు వరద పాట పాడుమని ఆమెను అడుగుట వదిన మాడ్ జ్ఞాపకము చేసికొనెను. చిన్న వరద మీద కట్టిన పాట రెండు నెలలకు పెద్ద వరద పాలైనవారి పాట అయ్యెను. కొన్నవారికి తేదీలతో పనిలేదు. మాబోటి వారికి మాత్రము ఉండవలెను.

1929 మే 15వ తేదీన ఆమె, చేతిలో డబ్బు పోయినవానిని పలుకరించెడి దిక్కుండదను భావముగల జిమ్మీ కాక్స్ పాటను పాడెను. అక్టోబరులో అమెరికా షేర్ల బజారు కూలెను. ఆ సంవత్సరమే జాక్ గీతో కాపురము చెదరెను. అదే సంవత్సరము "సెంట్ లూయిస్ బ్లూస్" అను పదునైదు నిమిషముల చిన్న చలనచిత్రములో ఆమె నటించెను; కదలెడి బొమ్మగా ఆమె మనకు మిగిలినది అది ఒక్కటే. అమెరికాలో 1927లో పదికోట్లకు పైబడి అమ్ముడైన రికార్డులు 1932 నాటికి అరువదిలక్షలకు దిగిపోయెనని అంచనా. మాట్లాడెడి చిత్రములు వచ్చి సంచార నాటకశాలలను మూయించెను. ఇంట ఉచితముగా పాట వినిపించెడి రేడియో వచ్చి రికార్డులను కొననీయలేదు. ఈ పాపములో మా వృత్తికిని భాగమున్నది. 1931లో కొలంబియా కంపెనీ ఆమెను విడిచిపెట్టెను. దాదాపు 160 పాటలు పాడియున్న గాయని.

1933 నవంబరు 24వ తేదీన జాన్ హామండ్ అను యువకుడు ఆమెను మరల స్టూడియోకు పిలిపించి నాలుగు పాటలు పాడించెను. ఒక్కొక్కదానికి 37 డాలర్ల 50 సెంట్లు. పదేండ్ల క్రిందట ఇచ్చినదానిలో మూడవ వంతుకు కూడ తక్కువ. అయినను ఆ నాలుగింటిలో అలసట వినబడదు. కొత్తతరపు నడకలో, హుషారుగా పాడెను. మూడు దినములకే, 27వ తేదీన, హామండ్ పద్దెనిమిదేండ్ల బిల్లీ హాలిడే చేత తొలి రికార్డు పాడించెను. ఒకరు వచ్చిన ద్వారముననే ఇంకొకరు వెళ్ళిరి.

ఇక ఆ రాత్రి సంగతి. 1937 సెప్టెంబరు 26. తెల్లవారకముందు మెంఫిస్ నుండి దక్షిణముగా క్లార్క్స్‌డేల్ వైపు పోవు 61వ నంబరు రహదారి. ఆమె స్నేహితుడు రిచర్డ్ మార్గన్ కారు నడుపుచుండెను. ముందు నెమ్మదిగా పోవుచున్న ఒక పెద్ద లారీని కారు ప్రక్కగా డీకొనెను. బెస్సీ కుడిచేయి మోచేతివద్ద దాదాపు తెగిపోయెను. కొద్దిసేపటికి చేపలవేటకు పోవుచున్న డాక్టరు హ్యూ స్మిత్ అను మెంఫిస్ వైద్యుడు స్నేహితునితో ఆ దారిన వచ్చెను. ఇంటిపేరు ఒకటే గాని ఆమెకు చుట్టము కాడు, తెల్లవాడు. ఆయన ఆగి కట్టు కట్టెను. స్నేహితుని పంపి దగ్గరి ఇంటినుండి అంబులెన్సుకు కబురు చేయించెను. అది ఎంతకు రాకపోగా ఆమెను తన కారులోనే తీసికొనిపోవుటకు సిద్ధపడుచుండగా, వెనుకనుండి ఇంకొక కారు వేగముగా వచ్చి ఆయన కారును ధ్వంసము చేసెను. అందులోని తెల్లజంట గాయపడిరి. అంతలో రెండు అంబులెన్సులు వచ్చెను. ఒకటి నల్లవారి ఆసుపత్రిది, ఒకటి తెల్లవారి ఆసుపత్రిది. బెస్సీని క్లార్క్స్‌డేల్‌లోని జి. టి. థామస్ ఆసుపత్రికి, అనగా నల్లవారి ఆసుపత్రికి, చేర్చిరి. చేయి తీసివేసిరి. స్పృహ రాకుండగనే ఆ ఉదయమే ఆమె మరణించెను.

తెల్లవారి ఆసుపత్రి ఆమెను త్రిప్పి పంపెనను మాట ఎక్కడ పుట్టినది? అదే సంవత్సరము నవంబరులో డౌన్ బీట్ పత్రికలో జాన్ హామండ్ వ్రాసిన వ్యాసములో. ఆమెను మెచ్చినవాడే, ఆమె చేత కడపటి పాటలు పాడించినవాడే, చెవిన పడినదానిని విచారింపక వ్రాసెను. వినికిడి మాటయే వ్రాసితినని తరువాత ఆయనయే ఒప్పుకొనెను. ఆ సరికి అది దేశములు దాటిపోయెను. ఎడ్వర్డ్ ఆల్బీ 1960లో ఆమె మరణము పేరుతో ఒక నాటకమునే ప్రదర్శింపజేసెను. 1972లో క్రిస్ ఆల్బర్ట్‌సన్ ఆమె జీవితచరిత్రను వ్రాయుచు డాక్టరు హ్యూ స్మిత్‌ను వెదకి కలిసికొని అడిగెను. అప్పుడుగాని అసలు సంగతి గ్రంథస్థము కాలేదు. అంతవరకు ముప్పదియైదేండ్లు ఎవరును పోయి అడుగలేదు. మేమును అడుగలేదు, ఆ పుస్తకము వచ్చిన ఎన్నో యేండ్ల తరువాత కూడ.

అయితే ఆ కథ అబద్ధమని తేలినచో తెల్లవారి ఆసుపత్రి నిర్దోషి యగునా? డాక్టరు చెప్పిన మాటలో ఒకటి మమ్ము ఎక్కువగా కలవరపెట్టినది. ఆ కాలమున, ఆ ప్రాంతమున, ఏ అంబులెన్సు నడుపువాడును నల్లజాతి రోగిని తెల్లవారి ఆసుపత్రికి తీసికొనిపోవుదునని ఊహలో కూడ తలపడని ఆయన చెప్పెను. రెండు ఆసుపత్రులకు నడుమ అరమైలు దూరము కూడ లేదు. తలుపు మూయవలసిన అవసరమే రాలేదు. ఎవరును తట్టలేదు. కథలో ఒక దుర్మార్గుడైన గుమాస్తా ఉన్నాడు, ఒక వాకిలి ఉన్నది, ఒక నిరాకరణ ఉన్నది. కోపగించుకొనుటకు ఒక ముఖము దొరకును. నిజములో ఏ ముఖమును లేదు. రెండు బండ్లు వచ్చెను, రెండు దిక్కులకు పోయెను. మేము ఫిడేలు జతపరచి చెప్పిన కథకంటె ఇది మాకు భయంకరముగా తోచుచున్నది. మా రూపకములో మేము చెప్పలేకపోయినది ఇదియే.

1937 అక్టోబరు 4వ తేదీన ఫిలడెల్ఫియాలో జరిగిన అంత్యక్రియలకు వేలకొలది జనులు వచ్చిరి. నగరము వెలుపల షారన్ హిల్‌లోని మౌంట్ లాన్ శ్మశానవాటికలో ఆమెను సమాధి చేసిరి. సమాధి మీద రాయి పెట్టినవారు లేరు. ముప్పదిరెండేండ్లకు పైగా అది గడ్డి మొలచిన నేలగానే యుండెను. 1970 ఆగస్టులో ఇద్దరు స్త్రీలు ఖర్చు పంచుకొని రాయి వేయించిరి. ఒకరు చిన్నతనములో బెస్సీ ఇంట నేల తుడిచిన హువానిటా గ్రీన్. రెండవవారు ఆమె రికార్డులు విని పాట నేర్చుకొన్న తెల్లజాతి గాయని జానిస్ జాప్లిన్. ఆ జాప్లిన్ అదే సంవత్సరము అక్టోబరు 4వ తేదీన మరణించెను. ఇట్టి కాకతాళీయములు ప్రసంగకర్తలకు మహా ప్రీతి. అందుచేత ఈమారు తేదీని రెండు పుస్తకములలో చూచి మరీ వ్రాయుచున్నాము.

ఆ సంవత్సరమే మొదలుపెట్టి కొలంబియావారు ఆమె పాటలన్నిటిని పెద్ద రికార్డులుగా మరల వెలువరించిరి. 2002లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయము, భద్రపరచవలసిన ధ్వనిముద్రణల తొలి పట్టికలోనే "డౌన్‌హార్టెడ్ బ్లూస్"ను చేర్చెను. క్లార్క్స్‌డేల్‌లో ఆమె కన్నుమూసిన ఆసుపత్రి 1944లో హోటలుగా మారెను. నల్లజాతి సంగీతకారులకు ఊరిలో వేరొక చోట గది దొరకని దినములలో అక్కడ దొరకెడిది.

ప్రసంగము ముగియగానే "బ్యాక్ వాటర్ బ్లూస్" రికార్డును వినిపింతుము. మూడు నిమిషములు చిల్లర. నడుమ మేము మాటలాడము. నేపథ్యములో ఫిడేలు లేదు.